పెదవుల చప్పుడు

పిన్ని ఆఖరుగా చేసిన పని మైకు టోపీ ఉతకడం. మైకు మూతికి తొడిగే నల్లటి స్పాంజి తొడుగును గోరువెచ్చటి సబ్బునీళ్ళలో ముంచి, పసిబిడ్డ తల రుద్దినట్టు మునివేళ్ళతో రుద్దింది. పిండితే ఆకారం చెడుతుందని తువ్వాలులో చుట్టి ఒత్తి, పెరట్లో తీగ మీద మేజోళ్ళ పక్కన క్లిప్పు పెట్టి ఆరేసింది. వంటింటి గుమ్మంలో నిలబడి టీ తాగుతున్న అక్క కూతురికి నవ్వొచ్చింది.

"ఎవరిది పిన్నీ ఆ టోపీ, ఎలుక పెళ్ళికొడుకుదా?"

"నీకు కుట్టించిందే. తల పడుతుందో లేదో చూసుకో."

"నా తల అంత చిన్నదా?"

"తల పెద్దదే. లోపలి సరుకు కొలిచి కుట్టించా."

తడిచేతులు తుడుచుకుంటూ పిన్ని మెట్టు మీద కూర్చుంది. "మిల్లు కథ చివర మార్చాలే కత్తెరా. ముగింపు మాటలు మళ్ళీ చదవాలి" అంది.

"ఇప్పుడే చదివెయ్. రికార్డింగుకి బీరువా ఖాళీ చేస్తాను."

"గొంతు బొంగురుపోయింది. రేపు చదువుతా, ఏం మార్చాలో రేపే చెబుతా. ఎక్కడికీ పారిపోదులే."

మధ్యాహ్నం భోంచేసి నడుం వాల్చింది. సాయంత్రం అక్క కూతురు టీ పట్టుకుని లేపబోతే లేవలేదు. నిద్రలోనే గుండె ఆగిపోయిందన్నాడు డాక్టరు. తీగ మీద టోపీ ఇంకా ఆరలేదు.

పిన్ని చేసే పనికి చుట్టాల్లో ఎవరికీ సరైన పేరు తెలియదు. రేడియోలో పాటలు వేస్తుందనుకునేవాళ్ళు. "పాటలు కాదు వదినా, రెండు పాటల మధ్య మీరు పొయ్యి మీద ఏదో మాడుతోందని లేచి వెళ్తారే, అప్పుడొచ్చేది నేను" అనేది ఆమె. వచ్చేవి గంటసేపు సాగే నిజం కథలు. వంతెన వచ్చాక పని పోయిన పడవవాళ్ళ కథ, ఊరందరి మాటలనూ తీగలతో కలిపి తమ మాట మాత్రం ఎవరికీ కలపలేకపోయిన టెలిఫోన్ అమ్మాయిల కథ, వీధి దీపాలు చేత్తో వెలిగించినవాళ్ళ కథ. ఆ మనుషులే చెబుతారు, వాళ్ళ పనిముట్లు చప్పుడు చేస్తాయి, మధ్యమధ్యలో పిన్ని గొంతు దారం పోగులా వచ్చి అతికించి వెళ్ళిపోతుంది.

చెప్పేవాడికి వినేవాడు లోకువంటారు. పిన్ని దగ్గర ఆ సామెత తిరగబడేది. ఆమె ఒక మనిషి ముందు కూర్చుని వింటూ ఉంటే, ఆ మనిషి కాసేపటికి నిటారుగా కూర్చునేవాడు. గోడకు చెవులుంటాయి జాగ్రత్త అని ఎవరైనా అంటే, గోడకే ఏం ఖర్మ, మనకు చెవులమ్మ ఉందిగా అనేవాళ్ళు. ఆ పేరు ఎవరు పెట్టారో గాని, ఆమె తిరిగిన సందుల్లో అందరికీ ఆమె చెవులమ్మే.

ఆమెకు ఒక పద్ధతి ఉండేది. కార్యక్రమం తయారయ్యాక మొదటిసారి వినే హక్కు గొంతు ఇచ్చినవాళ్ళది. రేడియో స్టేషన్ పెద్దాయనకంటే ముందు, సొంత అక్కకంటే ముందు, పిన్ని దాన్ని వినిపించే పెట్టె సంచిలో వేసుకుని వాళ్ళింటికి వెళ్ళేది. వాళ్ళ మంచం మీదే కూర్చుని వినిపించేది. పడవ నడిపిన ముసలాయన అలా తన కథ మొత్తం విని, "ఒకచోట అబద్ధం చెప్పానమ్మా. వరదలో ఆ పిల్లను కాపాడింది నేను కాదు, మా తమ్ముడు. వాడితో అప్పుడు మాటల్లేవు" అన్నాడు. పిన్ని అప్పటికప్పుడు తమ్ముడి ఇల్లెక్కడో అడిగి బయల్దేరింది. ఎవరి గొంతు వాళ్ళు బయటినుంచి వింటే గాని అందులో ఏం దాగుందో వాళ్ళకే తెలియదు అనేది.

అక్క కూతురు చదువుకని పిన్ని ఇంటికి వచ్చి, చదువైపోయాక కూడా ఉండిపోయిన మనిషి. వాళ్ళమ్మ ఫోన్లో, "మా చెల్లెలు నిన్ను దత్తత తీసుకుందా, జీతానికి పెట్టుకుందా?" అని దెప్పేది. ఆమె పని కూర్పు. గంటలకొద్దీ రికార్డయిన మాటల్లోంచి దగ్గులు, చీదుళ్ళు, కుర్చీ కిర్రులు, నోట్లో తడి చప్పుళ్ళు తీసేసి శుభ్రం చేయడం. అందుకే పిన్ని ఆమెను కత్తెరా అని పిలిచేది. ఆ పనిలో ఆమెకు గర్వం కూడా ఉండేది. తను శుభ్రం చేసిన గొంతు అద్దంలా ఉంటుందని.

మిల్లు కథ బస్సులో మొదలైంది. కిక్కిరిసిన బస్సులో ముందు సీట్లో ఒక ముసలమ్మ, వెనక తలుపు దగ్గర ఇంకో ముసలమ్మ. ఒకామె మెడ తిప్పి పెదవులు కదుపుతోంది, ఇంకొకామె జవాబుగా కదుపుతోంది. ఒక్క శబ్దం లేదు. మధ్యలో ఉన్న జనం తలల మీదుగా ఏదో రాకపోకలు సాగుతున్నాయి. ఉన్నట్టుండి ఇద్దరూ ఒకేసారి కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వారు. పిన్ని తను దిగాల్సిన చోటు దిగలేదు. వాళ్ళు దిగినచోట దిగి వెనకే నడిచింది.

ఇద్దరూ మూతబడిపోయిన పాత బట్టల మిల్లులో మగ్గాల మీద పనిచేసినవాళ్ళు. ఒకామెను మిల్లులో కండెలమ్మ అనేవాళ్ళు, మొదట్లో నూలు చుట్టిన కండెలు మోసింది కాబట్టి. ఇంకొకామె పేరు కిటికీ. ఆమె మగ్గం కిటికీ పక్కన ఉండేది, అంతే. షెడ్డులో వందల మగ్గాలు ఒకేసారి ఆడుతుంటే పక్కమనిషి గొంతు చించుకున్నా వినపడదు. అందుకని ఆడవాళ్ళు పెదవులతో మాట్లాడుకోవడం నేర్చుకున్నారు. గొంతు వాడరు, పెదవులు పెద్దగా కదుపుతారు, కనుబొమలతో దీర్ఘాలు తీస్తారు. కోడలి మీద చాడీలు, మొగుడి తాగుడు, కడుపుతో ఉన్న సంగతి, అన్నీ షెడ్డు ఈ చివరినుంచి ఆ చివరకు వెళ్ళిపోయేవి. మేస్త్రీ ఎదురుగా నిలబడి ఉన్నా, ఆయన గురించే అనుకుంటున్నా, ఆయనకు ఆకులు నములుతున్నట్టే కనబడేది. చివరికి ఆ మగ్గాలే వాళ్ళ చెవులు తినేశాయి. ఇప్పుడు ఇద్దరికీ పిడుగు పడ్డా వినపడదు. మాట మాత్రం పోలేదు.

పిన్ని ఇంటికి వచ్చి నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది. "కత్తెరా, శబ్దం లేని మాటలే. వాటిని రేడియోలో ఎలా పెడతాం?" అంది. ఆ అనడంలో బెంగ లేదు. పెద్ద పర్వతం మొదటిసారి చూసినవాళ్ళ గొంతులా ఉంది.

స్టేషన్ పెద్దాయన మాత్రం తల పట్టుకున్నాడు. "రేడియోలో మూగమాటలా అమ్మా? రేపు టీవీలో వాసనలు పెడదామంటారు."

"పెట్టగలిగితే అదీ పెడదాం సార్."

"మీరు పెట్టేదాకా వదలరని నాకు తెలుసు. తేదీ మాత్రం ఇచ్చేస్తున్నా. ఆ రోజుకి మాటలు లేకపోతే ఆ గంట నేను నిద్రపోతాను, వినేవాళ్ళూ నిద్రపోతారు."

ముసలమ్మలిద్దరినీ కండెలమ్మ ఇంటి ముందుగదిలో ఎదురెదురుగా కూర్చోబెట్టి, మైకు మూతికి దాదాపు ఆనించి, పిన్ని రికార్డు చేసింది. ఒకామె పెదవులతో చెబుతుంది, రెండో ఆమె దాన్ని గొంతుతో పలుకుతుంది. ఇద్దరివీ వేరువేరు మైకులు. అక్క కూతురు వాటిని ఇంటికి తెచ్చి, అలవాటు ప్రకారం రెండు రోజులు కూర్చుని శుభ్రం చేసింది. పలికిన ఆమె గొంతు అద్దంలా వచ్చింది. పెదవులు కదిపిన ఆమె మైకులో మిగిలింది ఖాళీ.

పిన్ని హెడ్‌ఫోన్లు పెట్టుకుని విని, మెల్లగా తీసి బల్ల మీద పెట్టింది.

"ఇందులో తడి చప్పుళ్ళు ఉండాలే, నోటివి?"

"అవన్నీ తీసేశాను. చెత్త."

"చెత్త కాదే నా తల్లీ. అవే మాటలు. నువ్వు ఒక మనిషిని మొత్తం ఊడ్చి పారేశావు."

అక్క కూతురికి ముందు అర్థం కాలేదు. అసలు రికార్డింగు ఎలాగూ ఉంది. తను కోసేసిన ముక్కలన్నీ దానిలోంచి ఏరి, వరసలో పెట్టి, అవి మాత్రమే వినింది. పెదవులు అంటుకుని విడిపోయే మెత్తటి చప్పుడు. అంగిట నాలుక తాకి జారడం. పళ్ళు కలవడం. ముక్కులోంచి చిన్న ఊపిరి, దాని తర్వాత ఆగడం. మొదట వాన ముందు చూరు మీద పడే ఒకటీ అరా చినుకుల్లా ఉంది. వింటూ ఉండగా అందులో నడక తెలిసింది. ఒకచోట చప్పుళ్ళు గబగబా పరిగెత్తాయి, ఒకచోట ఈడ్చాయి, ఒకచోట తప్పకుండా వెటకారం ఉంది. పక్కనే రెండో ఆమె గొంతు చేర్చగానే రెండూ అడుగులో అడుగేసి నడిచాయి. మాట పుట్టకముందు మాట ఎలా ఉంటుందో అదే తన చెవిలో ఉంది. ఇన్నేళ్ళుగా ఎంతమంది నోళ్ళలోంచి దీన్ని తీసి పారేసిందో అనుకుని ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని అలాగే కూర్చుంది.

పిన్ని టీ తెచ్చి పక్కన పెట్టి, "పెట్టొచ్చే రేడియోలో" అంది.

ఆ కథకు నడుమ ఒక రోజు ఉంది. ఎండాకాలం. గాలి తగిలితే నూలు తెగుతుందని షెడ్డు కిటికీలు మేకులు కొట్టి మూసేవాళ్ళు. తెరవమని అడిగితే, గాలి కావాలంటే ఇంటికెళ్ళి పీల్చుకోండి అన్నాడు మేస్త్రీ. ముందురోజు ఒక పిల్ల మగ్గం మీద సొమ్మసిల్లి పడింది. మర్నాడు పని నడుస్తుండగానే ఆ షెడ్డులో ఒక మాట పెదవులనుంచి పెదవులకు పాకింది. మేస్త్రీలు వరసల మధ్య తిరుగుతూనే ఉన్నారు, ఎవరికీ అంతుపట్టలేదు. కాసేపటికి వందల మగ్గాలు ఆగిపోయాయి.

అంతటి నిశ్శబ్దాన్ని ఆ షెడ్డు ఎప్పుడూ ఎరగదు. ఆ నిశ్శబ్దంలోనే కండెలమ్మ మొదటిసారి కిటికీ గొంతు వినింది. ఇద్దరూ ఏళ్ళ తరబడి స్నేహితురాళ్ళు. కాని ఒకరు తూర్పు గేటున వచ్చి వెళ్ళేవారు, ఒకరు పడమర గేటున. ఇళ్ళు ఏటికి ఆ ఒడ్డున ఒకరివి, ఈ ఒడ్డున ఒకరివి. ఒకరి కష్టాలు ఒకరికి కంఠతా వచ్చు, కంఠం మాత్రం తెలియదు.

"నేను దాని గొంతు కోకిలలా ఉంటుందనుకున్నానమ్మా" అని కండెలమ్మ మైకులో చెప్పింది. "మనిషి అంత సన్నం కదా. తీరా నోరు తెరిచి 'ఏమే, చెమటలు పడుతున్నాయా' అంది. దున్నపోతు. నిజంగా దున్నపోతే."

"దీని గొంతు మటుకు చీమలా ఉంది" అని కిటికీ. "ఇంత పెద్ద మాటలు ఇన్నాళ్ళూ ఈ చీమ చెప్పిందా అనుకున్నా."

ఇప్పుడు ఇద్దరికీ చెవులు లేవు. ఎవరి గొంతు ఎవరికీ వినపడదు. ఆ రోజు విన్న గొంతులే ఒకరికొకరు దాచుకున్నారు.

పాకిన ఆ మాట ఏమిటని పిన్ని ఎన్నిసార్లు అడిగిందో. ఇద్దరూ నవ్వి, అది గొంతుతో అనేది కాదన్నారు. అడగగా అడగగా కండెలమ్మ మైకు ముందు పెదవులతో ఒకసారి అని చూపించింది. పెదవులు కలిసి, విడిపోయి, చివర కొంచెం ముందుకు సాగిన చప్పుడు, అంతే. అది చాలనుకుంది పిన్ని. బీరువాలోంచి బట్టలన్నీ మంచం మీద కుప్పపోసి, ఖాళీ బీరువాలో దుప్పట్లు వేలాడదీసి, అందులో తల పెట్టి ముగింపు చదివింది. "ఆ రోజు ఒక ఆజ్ఞ షెడ్డంతా పాకింది. ఎవరూ వినలేదు. అందరూ పాటించారు." తర్వాత కండెలమ్మ పెదవుల చప్పుడు. తర్వాత మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోవడం.

మార్చాలని ఆమె అన్నది ఈ ముగింపునే.

ఆమె పోయాక అక్క కూతురు ఆ నాలుగు మాటల ముందు రోజులకు రోజులు కూర్చుంది. ఏం మార్చాలనుకుంది? ఏ మాట నచ్చలేదు? పిన్ని గొంతులో ఇక కొత్త మాట రాదు. ఉన్నవి అటూ ఇటూ జరిపింది, మొదటి వాక్యం తీసి చూసింది, మళ్ళీ పెట్టింది. ఏది మార్చినా అది పిన్ని మార్పో తన మార్పో తెలిసే దారి లేదు. కండెలమ్మ ఇంటికి వెళ్తే తాళం వేసి ఉంది. మనవరాలి పురుడని ఇంటిల్లిపాదీ వేరే ఊరు వెళ్ళారని, తోకలా కిటికీ కూడా వెళ్ళిందని పక్కింటివాళ్ళు చెప్పారు. పెద్దాయన ఇచ్చిన తేదీ వచ్చింది. పిన్ని ముగింపు పిన్ని చదివినట్టే ఉంచి, అక్క కూతురు కార్యక్రమాన్ని పంపించేసింది.

ఆ గంట ఎవరూ నిద్రపోలేదు. పెద్దాయన ఫోన్ చేశాడు. "మా అమ్మ కూడా అలా పెదవులు కదిపేది. జపం చేస్తోందనుకునేవాణ్ణి. ఏ మిల్లులో చేసిందో కూడా అడగలేదు" అన్నాడు.

పదిమందీ విన్నాక వెళ్ళడం పద్ధతి కాదు. అయినా ముసలమ్మలు తిరిగొచ్చారని తెలియగానే అక్క కూతురు పెట్టె సంచిలో వేసుకుని వెళ్ళింది. ఇద్దరూ మంచం మీద కూర్చున్నారు. పిన్ని పోయిన సంగతి వాళ్ళకు అప్పటికే తెలుసు. కండెలమ్మ అక్క కూతురి చెంప నిమిరి, పక్కన కూర్చోబెట్టుకుంది. అక్క కూతురు పెట్టె బల్ల మీద పెట్టి, శబ్దం బాగా పెంచింది. కండెలమ్మ పెట్టె మీద అరచెయ్యి ఆన్చి కాసేపు చూసి, ఆమె వైపు తిరిగింది.

ముందుగది గుమ్మంలోంచి కండెలమ్మ కోడలు నవ్వింది. "చెవిటివాడి ముందు శంఖం ఊదితే, ఏంటది కొరుకుతున్నావు అన్నాట్ట. అలా కాదమ్మాయ్. చెవులమ్మగారు అదిగో ఆ ముక్కాలిపీట మీద ఎదురుగా కూర్చునేవారు. పెట్టె మోగుతుంటే అందులో ఎవరేమన్నారో అంతా పెదవులతో వీళ్ళకు చెప్పేవారు. మొదటినుంచి చివరిదాకా. వీళ్ళ దగ్గర కూర్చుని నేర్చుకున్నారుగా."

"పిన్నికి ఇది వచ్చా?"

"మీ ఇంట్లో ఎప్పుడూ మాట్లాడలేదా?" అని కోడలు ఆశ్చర్యపోయింది. "అవును, అక్కడ చూసేవాళ్ళెవరు!"

అక్క కూతురు ముక్కాలిపీట మీద కూర్చుంది. పెట్టె మళ్ళీ మొదటినుంచి పెట్టి, వినబడిన ప్రతి మాటా నోరు పెద్దగా తెరిచి, గొంతు లేకుండా పలకడం మొదలుపెట్టింది. ముసలమ్మలు ఆమె మూతి మీద కళ్ళు నిలిపి చూశారు. మధ్యలో వాళ్ళలో వాళ్ళు పెదవులు కదుపుకున్నారు.

"ఏమంటున్నారు?" అని కోడల్ని అడిగింది.

"నీకు నత్తి అంటున్నారు. పెదవులకి."

"కొత్త కదా" అంది కిటికీ, నిజంగానే దున్నపోతు గొంతుతో. "కానివ్వమ్మా. అర్థమవుతోంది."

మధ్యాహ్నమంతా పట్టింది. దవడలు నొప్పెట్టాయి. తన కథను కిటికీ తన కళ్ళతోనే విని, ఒకచోట కళ్ళొత్తుకుంది, ఒకచోట కండెలమ్మ మోకాలి మీద కొట్టింది. ఎదుటి రెండు ముఖాల్లో ఒక్కొక్క మాటా దీపంలా వెలగడం చూస్తూ అక్క కూతురు నొప్పి మరిచిపోయింది. పిన్ని ఈ పీట మీద కూర్చుని ఏం చూసిందో ఆమె ఇప్పుడు చూస్తోంది. చివరికి పిన్ని గొంతు పెట్టెలోంచి వచ్చింది, ఆ మాటలను ఆమె పెదవులతో చెప్పింది. ఆ రోజు ఒక ఆజ్ఞ షెడ్డంతా పాకింది.

కండెలమ్మ చెయ్యెత్తి ఆపింది.

"ఆజ్ఞేంటమ్మాయ్? మాకు ఆజ్ఞలేసే మొనగాడు మేస్త్రీ ఒక్కడే. చెవులమ్మ కూడా ఇలాగే అంది. ఇక్కడే ఆపాను. సరే, మారుస్తానంది. మార్చలేదా?"

"కుదరలేదు అవ్వా. అందరూ వినేశారు."

"పోనీలే."

"మరి ఏమన్నారు ఆ రోజు?"

కండెలమ్మ కిటికీ వైపు చూసింది. కిటికీ, చెప్పు, పర్లేదు అన్నట్టు గడ్డం ఎగరేసింది. కండెలమ్మ ఆ మాటను అప్పుడు గొంతుతో అంది, చీమలాంటి తన సన్నటి గొంతుతో.

"నువ్వేమంటావు?"

పడిపోయిన పిల్ల సంగతి, మూసిన కిటికీల సంగతి అందరి మనసులోనూ ఉంది. కండెలమ్మ పక్క మగ్గం మనిషిని ఆ మాట అడిగింది. ఆమె జవాబు చెప్పకుండా తన పక్కామెను అడిగింది. ఆమె ఇంకొకరిని. ఆపుదామని ఒక్కరూ అనలేదు, వద్దనీ అనలేదు. ఆ ప్రశ్న వరసలన్నీ తిరిగి, గోడవారగా వచ్చి, ఆఖరున కిటికీ దగ్గరకు చేరింది. అది ఎవరితో మొదలైందో కిటికీకి తెలియదు. ఎదురుగా ఉన్నది కండెలమ్మ కాబట్టి, ఆమెనే అడిగింది. జవాబుగా కండెలమ్మ తన మగ్గం ఆపింది.